అంచు నుంచి తీసిన చుక్క

"మీ బ్యాక్టీరియా ఈదట్లేదండీ."

గుమ్మంలోంచి ఆ మాట వినపడేసరికి ఆమె చేతిలోని స్కేలు ప్లేటు మీదే ఆగిపోయింది. తల తిప్పి చూసింది. ఎవరో అతను. పొడుగ్గా ఉన్నాడు. చొక్కా చేతులు మడిచాడు గానీ ఒకటి మోచేతి పైకి, ఇంకోటి మోచేతి కిందికి ఉంది. ఒక ప్లాస్టిక్ డబ్బాను రెండు చేతులతో నిండు గ్లాసులా పట్టుకుని, చుక్క తొణక్కుండా లోపలికి అడుగులేస్తున్నాడు.

"ఎవరు మీరు?"

"ఎదురు బిల్డింగ్ నుంచండీ. హాస్పిటల్ రీసెర్చ్ వింగ్. మీ సార్ పంపిన రిజల్ట్‌ని మేం మళ్ళీ చేసి చూడాలి కదా. ఆ పని నాది."

"ఓహో, రిపీట్ మీరేనా?"

అతని ముఖం కొంచెం వాడిపోయింది. "ఆ పేరు ఇక్కడిదాకా వచ్చిందా?"

రాకేం. డిపార్ట్‌మెంటంతా తెలుసు. ఎదురు బిల్డింగ్‌లో ఒకడున్నాడు, ఎవరి ప్రయోగమైనా సరే తీసుకెళ్ళి మళ్ళీ మళ్ళీ చేస్తాడు, చివరికి చేతులు కట్టుకుని వచ్చి "రిపీట్ కాలేదండీ" అంటాడు, అదీ ఎంతో వినయంగా. తిట్టడానికి కూడా వీలివ్వడు. అందుకే ఆ పేరు.

"డబ్బా ఇటివ్వండి," అంది ఆమె.

లోపల ప్లేట్లున్నాయి. సగం గడ్డకట్టిన జెల్లీ లాంటి అగర్ పోసిన ప్లేట్లు. దాని నడిమధ్య సూదితో ఒక్క చుక్క బ్యాక్టీరియా గుచ్చి వెచ్చగా ఉంచితే, తెల్లారేసరికి అవి జెల్లీలో ఈదుకుంటూ చుట్టూ వలయంలా పాకుతాయి. ఆ వలయం ఎంత పెద్దదైతే ఈత అంత బాగా వచ్చినట్టు. ఆమె ప్లేట్లలో వలయం గాజు గోడ దాకా వచ్చి ఆగేది. ఇతని ప్లేట్లలో నడిమధ్య చొక్కా గుండీ అంత మచ్చ ఉంది, అంతే.

ఆమె ఒక ప్లేటు తీసి వెలుతురుకు పట్టి చూసింది.

"అగర్ గట్టిగా పోసుంటారు."

"తూకం వేసి పోశానండీ."

"ఇంక్యుబేటర్ వేడి?"

"థర్మామీటర్ పెట్టి చూశాను. మీరేది అడుగుతారో తెలుసు. ప్లేట్లు కుదిపానా అని కూడా అడుగుతారు. నేను నడిచొచ్చింది చూశారుగా? కుదుపని లిఫ్ట్ కూడా ఎక్కలేదు."

"అయితే మీ బ్యాక్టీరియాకి బద్ధకం."

"అవి మీవేనండీ. మా ఫ్రీజర్ పెట్టినప్పుడు మీ సారే ఇచ్చారు. ఒకే గాజు గొట్టంలోంచి తీసి సగం మీరుంచుకున్నారు, సగం మాకిచ్చారు. మీ ఇంటి పిల్లలే."

"మా ఇంట్లో ఉన్నంతకాలం బాగానే ఉన్నాయి. మీ ఇంట్లోనే చెడిపోయాయి."

పక్క బెంచీ దగ్గర ఆమె స్నేహితురాలు నవ్వాపుకోలేక ముఖానికి గ్లవ్ అడ్డం పెట్టుకుంది. అతను మాత్రం నవ్వలేదు. మెల్లిగా అడిగాడు.

"ఈత మాన్పించే మందు కదండీ మీది. అసలు ఈదనివాటి మీద ఆ మందు పనిచేసిందని నేనెలా రాయను?"

ఆ మాట ఆమెకు సూటిగా వెళ్ళి తగిలింది.

ఎందుకంటే ఆమె థీసిస్ మొత్తం ఆ ఒక్క మాట మీదే నిలబడి ఉంది. మంచాన పడ్డ రోగులకు మూత్రం కోసం గొట్టం పెడతారు. బ్యాక్టీరియా ఆ గొట్టం వెంట ఈదుకుంటూ లోపలికి వెళ్ళి జ్వరాలు తెస్తాయి. ఆమె కనిపెట్టిన మందు వాటిని చంపదు, ఈత మాన్పిస్తుంది. ఎదురు బిల్డింగ్ వాళ్ళు సరే అంటే ఆ మందు పూసిన గొట్టాలు తయారుచేసి చూస్తారు. కాదంటే ఆమె చదువుకు నడుం విరిగినట్టే. పైగా ఆమె ఎంచుకున్నది ఏదో వీధి చివర దొరికిన బ్యాక్టీరియా కాదు, రిఫరెన్స్ స్ట్రెయిన్. ఎక్కడి ల్యాబ్‌లో చేసినా లెక్క ఒక్కలాగే రావాలని అందరూ ఒప్పుకుని వాడే రకం. అదే రెండు బిల్డింగ్‌ల మధ్య రెండు రకాలుగా ప్రవర్తిస్తే ఇక ఎవరికి చెప్పుకోవాలి?

"నేనే వస్తాను," అంది ఆమె స్కేలు జేబులో పెట్టుకుంటూ. "మీ ల్యాబ్‌లో, మీ అగర్‌తో, నా చేత్తో చేస్తాను. తప్పెవరిదో అక్కడే తేలిపోతుంది."

"రండి. మీ బ్యాక్టీరియాని కూడా తెచ్చుకోండి." గుమ్మం దాటాక తల వెనక్కి తిప్పాడు. "ఈత బట్టలతో సహా."

అతను వెళ్ళాక స్నేహితురాలు గ్లవ్ తీసింది. "చెప్పొద్దూ, మనిషి బాగున్నాడే."

"చొక్కా చేతులు కూడా సమంగా మడుచుకోలేడు. వాడు నా వలయాలు కొలుస్తాడట!"

"అంటే చేతులు చూశావన్నమాట."

ఆమె స్కేలుతో స్నేహితురాలి చేతి మీద ఒక్కటిచ్చింది.

*

వెళ్దామనుకున్న రోజే వాన పట్టుకుంది.

ఆమె ప్లేట్లను టిఫిన్ డబ్బాలో సర్దుకుని, డబ్బాను గుండెలకు హత్తుకుని మెట్ల దగ్గర నిలబడింది. రోడ్డంతా నీళ్ళు. పరిగెత్తితే ప్లేట్లు కదిలిపోతాయి, నిదానంగా వెళ్తే తడిసి ముద్దవుతుంది. ఏం చెయ్యాలా అని చూస్తుంటే అవతలి నుంచి పెద్ద నల్ల గొడుగొకటి మెల్లిగా రోడ్డు దాటి వచ్చింది.

"పదండి," అన్నాడు అతను.

నాలుగడుగులు వేశాక ఆమె భుజానికి చల్లగా తగిలింది. చూస్తే గొడుగు ఆమె మీద లేదు. అతని మీదా లేదు. ముందుకు వంగి డబ్బా మీద ఉంది.

"ఏవండీ, గొడుగు మనుషుల మీద పడతారా, డబ్బాల మీద పడతారా?"

"మీరు తడిస్తే ఆరతారు. అగర్‌లో నీళ్ళు పడితే ఆరదు."

"మీరు ప్రతిదానికీ ఇలాగే మాట్లాడతారా?"

"లేదండీ. మామూలుగా నేను మాట్లాడను."

నిజంగానే ఆ తర్వాత అవతలి గుమ్మం దాకా మాట్లాడలేదు. జుట్టులోంచి నీళ్ళు కారుతుంటే అతను కళ్ళు కూడా తుడుచుకోలేదు, గొడుగు పక్కకు ఒరుగుతుందని. ఆమెకు కోపం రావలసింది. నవ్వొచ్చింది. ఆ నవ్వు కనపడకుండా డబ్బా వైపు చూస్తూ నడిచింది.

అతని ల్యాబ్‌లో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. అతని అగర్‌లో ఆమె బ్యాక్టీరియా, ఆమె అగర్‌లో అతని బ్యాక్టీరియా. అతను గుచ్చినవి కొన్ని, ఆమె గుచ్చినవి కొన్ని. ఏది ఎవరిదో తెలియకుండా మూతల మీద గుర్తులు మార్చారు. మర్నాడు పొద్దున ఇంక్యుబేటర్ తెరిస్తే ఆమెవన్నీ గోడల దాకా ఈదాయి. అతనివన్నీ గుండీల్లా కూర్చున్నాయి. ఎవరి చేత్తో గుచ్చినా అంతే.

"చూశారా?" అంది ఆమె.

"చూశాను. చేతుల తప్పు కాదు. బ్యాక్టీరియాలే వేరు."

"మీవి పాడైపోయాయి."

"మీవే పాడై ఉండొచ్చు. ఎక్కువ ఈదడం కూడా తేడానే కదా, స్కేల్ మేడం."

"ఏమన్నారు?"

"అదేనండీ... అందరికీ ఒక పేరుండాలి కదా."

ఆమె సమాధానం చెప్పకుండా కొత్త ప్లేటు తీసుకుంది. ఇంకోసారి చేసి వీడి నోరు మూయించాలి. సూది వేడి చేసి చల్లార్చింది. నిన్నటి వలయం మీదకు వంగి, దాని చిట్టచివరి అంచు నుంచి ఒక చుక్క తీసి కొత్త ప్లేటులో గుచ్చింది.

"ఒక్క నిమిషం. అంచు నుంచి ఎందుకు తీశారు?"

"మా సీనియర్ అక్క అలాగే నేర్పింది. మధ్యలోవి తిండి అయిపోయి నీరసంగా ఉంటాయి. అంచున ఉన్నవే తాజాగా, చురుగ్గా ఉంటాయి."

"ప్రతిసారీ అక్కడి నుంచేనా?"

"ప్రతిసారీ."

"ఫ్రీజర్‌లో దాచేవి కూడా?"

"అవును, అక్క కూడా..." అంటూ ఆమె మధ్యలోనే ఆగింది.

చెప్పాల్సిన పని లేదని అతనికి తెలిసిపోయింది. ఆమె సూదిని స్టాండ్‌లో పెట్టి కుర్చీ వెనక్కి జరిపింది.

"పరుగు పందెం పెట్టాం," అంది చివరికి. "అక్కా, నేనూ. ప్రతిసారీ పందెం పెట్టి, ముందొచ్చినవాటినే దాచుకుని, వెనకబడ్డవాటిని పారేశాం. ఇన్నేళ్ళూ."

ఇప్పుడామె కళ్ళలో నీళ్ళు తిరుగుతాయేమోనని అతను భయపడ్డాడు. తిరగలేదు. ఆమె ఉన్నట్టుండి అతని వైపు తిరిగింది.

"మీరెలా తీస్తారు?"

"మేమా? గట్టి ప్లేటు మీద కాలనీలు పెంచి, వాటిలో లావుగా, గుండ్రంగా ఉన్నది..." ఈసారి ఆగడం అతని వంతైంది. "అందరికంటే లావుగా ఉన్నది తీస్తాం. చూడ్డానికి బాగుంటుందని."

"ఈదడానికి తోకలు కావాలి. తోకలు కట్టుకోవడానికి తిండి ఖర్చవుతుంది. ఆ ఖర్చు లేనిదే లావెక్కుతుంది."

"అంటే మేం బద్ధకస్తులనే ఏరుకున్నాం."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముందు ఎవరు నవ్వారో గానీ ఆ నవ్వుకు అవతలి గది తలుపు తెరుచుకుని ఎవరో తొంగి చూశారు.

నవ్వు తగ్గాక ఆమె అడిగింది. "మరి అసలుది ఎలా ఉండేది?"

*

అసలుది సార్ బీరువాలో ఉంది. అప్పట్లో కొన్నవాటిలో ఒకటి విప్పకుండా మిగిలింది. వేలంత గాజు గొట్టం, రెండు వైపులా మూసేసి, లోపల తెల్లటి పొడి. ఆ పొడిలో బ్యాక్టీరియా అప్పటి నుంచి నిద్రపోతున్నాయి.

ఆమె అడగ్గానే సార్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఆమె ఇంటర్వ్యూకు వచ్చిన రోజు ఇంగ్లీషులో తడబడితే, "తెలుగులో చెప్పమ్మా, సైన్సు ఏ భాషలోనైనా సైన్సే," అని కూర్చోబెట్టింది ఆయనే.

"ఒకసారి విరిస్తే ఇక లేదు," అన్నాడు సార్. "పైగా అది నీకు అనుకూలంగా రాకపోతే?"

"రాలేదనే రాస్తాను సార్."

"నీ థీసిస్ రెడీగా ఉంది. సబ్మిట్ చెయ్యి. ఇదంతా ఎవరూ అడగరు."

"రిపీట్ అడుగుతున్నాడు సార్."

"వాళ్ళ డైరెక్టర్‌తో నేను మాట్లాడతాను."

"నేను కూడా అడుగుతున్నాను సార్."

సార్ డ్రాయర్ తెరిచి, బీరువా తాళం కాకుండా ముందు ఒక కాగితం తీశాడు. "ఇది ఈ పొద్దున వచ్చింది. నీకు చూపించకూడదనుకున్నాను."

ఎదురు బిల్డింగ్ రిపోర్ట్. ఒక్క వాక్యమే పెద్దగా కనపడింది. ఫలితం పునరావృతం కాలేదు. కింద అతని సంతకం.

మెట్లు ఎలా దిగిందో, రోడ్డు ఎలా దాటిందో ఆమెకే గుర్తులేదు. అతని బెంచీ ముందుకెళ్ళి ఆ కాగితం పెట్టింది.

"పక్కన కూర్చుని నవ్వి, గొడుగు పట్టి, వెనక నుంచి ఇది పంపిస్తారా?"

అతను లేచి నిలబడ్డాడు. "గొడుగుకంటే ముందే పంపానండీ. మా ఆఫీసులో తిరిగి తిరిగి ఇప్పుడొచ్చింది. మీకు నేనే చెప్పాల్సింది. అది నా తప్పు."

"అది ఒక్కటేనా?"

"అవును, అది ఒక్కటే. నేను చేసినప్పుడు రాలేదు, రాలేదనే రాశాను. మీ కోసం మార్చి రాస్తే..." అతను చూపు దించుకున్నాడు. "ఇవాళ సంతోషిస్తారు. రేపు మీరే నన్ను నమ్మరు. అది నావల్ల కాదు."

ఇంతకుముందే సార్ గదిలో ఆమె అన్నదీ అదే కదా! కాగితం తీసుకుని వచ్చేసింది. కోపం పోలేదు. కానీ ఎవరి మీదో తెలియడం లేదు.

*

ఆ సాయంత్రం నాన్న దుకాణం మూసి ఇంటికొచ్చేసరికి ఆమె అన్నం కలుపుకుని అలాగే కూర్చుని ఉంది. నాన్నది కుట్టుపని. మెడలో టేపు ఇంట్లో కూడా తీయడు. కూతురు చదువు గురించి దుకాణానికి వచ్చిన ప్రతివాడికీ చెబుతాడు. "మా అమ్మాయి డాక్టర్ అవుతోంది. మందులిచ్చే డాక్టర్ కాదు, ఇంకో డాక్టర్." ఆ ఇంకో డాక్టర్ అంటే ఏమిటని వాళ్ళడిగితే, "అది ఆవిడే చెప్పాలి," అని మిషన్ తొక్కుతాడు.

"నాన్నా, నా సబ్మిషన్ ఆలస్యమవుతుంది. ఎంతని చెప్పలేను."

అమ్మ గరిటె పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది. నాన్న పక్కన కూలబడ్డాడు. "ఏమైందమ్మా?"

ఎలా చెప్పాలో వెతుక్కుంది. టేపు కనపడింది.

"మీ దగ్గరికి కస్టమర్ ఆది చొక్కా తెస్తాడు కదా. దాని కొలతతో కొత్తది కుడతారు. ఇంకోసారి వచ్చినప్పుడు ఆ పాత ఆది కాకుండా, మీరు కుట్టిన కొత్తదే ఆదిగా తెచ్చాడనుకోండి. తర్వాత దాని ఆదితో కుట్టింది తెచ్చాడు. అలా తెస్తూ పోతే?"

"పోతే ఏముంది, ప్రతిసారీ ఓ నూలు పోగంత తేడా వస్తుంది. చివరికి చొక్కా ఒకడిది, మనిషి ఇంకొకడు."

"మా ల్యాబ్‌లో అదే జరిగింది. అసలు ఆది బీరువాలో పెట్టి, కుట్టినవాటి మీద కుట్టుకుంటూ పోయాం. ఎదురు బిల్డింగ్‌లోనూ అంతే. కాకపోతే మాది పెద్దదైపోయింది, వాళ్ళది చిన్నదైపోయింది. అతను చెప్పేదాకా నాకు తట్టనే లేదు. అతను అంచు సంగతి అడిగాడు కాబట్టి..."

"ఎవరు?" అంది అమ్మ.

"అతనే."

"ఏ అతను? కూర్చున్నప్పటి నుంచి అతను, అతను అంటున్నావు. అతనికి పేరు లేదా?"

"ఉంది. కానీ అందరూ రిపీట్ అంటారు."

"అదేం పేరే!" అంది అమ్మ. కానీ ముఖంలోకి మరీ పరీక్షగా చూసి వంటింట్లోకి వెళ్ళింది.

నాన్న టేపు చివర వేలికి చుట్టుకుంటూ కూర్చున్నాడు. కూతురికి పట్టా ఇచ్చే సభకు వేసుకోవాలని తన కోసం తనే కుట్టుకున్న కోటు తలుపు వెనక తగిలించి ఉంది. దాని వైపు ఒకసారి చూశాడు.

"కోటుకేం, అది చెడిపోదు," అన్నాడు. "తేడా వచ్చిందని తెలిశాక కుట్టు విప్పాల్సిందే. తెలిసీ అలాగే డెలివరీ ఇస్తే రాత్రి నిద్రెలా పడుతుంది నీకు? విప్పు. నేనున్నాను."

ఆమె అన్నం తినడం మొదలుపెట్టింది.

*

సార్ చివరికి ఒప్పుకుని, విరిచే రోజు గొట్టాన్ని స్వయంగా బీరువాలోంచి తీసుకుని వచ్చాడు. అతనూ వచ్చాడు. ఆమె పిలిచింది, ఒక్క ముక్కలో. "చూడ్డానికి ఇద్దరుండాలి. రండి."

గాజు మీద గీత గీసి, గుడ్డ చుట్టి, టక్కున విరిచింది. పొడిని నీళ్ళలో కలిపి గట్టి ప్లేట్ల మీద గీసింది. కాలనీలు లేచాక ఈసారి అంచునున్నది, అందమైనది, లావుది అని ఎవరూ ఎంచలేదు. ఆమె కళ్ళు మూసుకుని ప్లేటు కింది వైపు వేలు పెట్టేది, అతను అక్కడున్న కాలనీని తీసి ఒక్కోదాన్ని ఒక్కో ఈత ప్లేటులో గుచ్చేవాడు.

"పందెం," అన్నాడు అతను. "ఈదితే, రిపోర్ట్ తప్పని రాసిస్తాను. ఈదకపోతే?"

"నా చాప్టర్ నేనే చింపుకుంటాను."

"అంత గట్టిగా అనకండి. నాకు భయమేస్తుంది."

"మీకెందుకు భయం?"

అతను ప్లేట్ల మూతలు మళ్ళీ ఒకసారి సర్దాడు.

మర్నాడు పొద్దున ఆమె వచ్చేసరికి అతను అప్పటికే ఇంక్యుబేటర్ ముందు నిలబడి ఉన్నాడు. తెరవలేదు. ఆమె కోసం ఆగాడు. ఆమె తలుపు తీసింది.

మొదటి ప్లేటులో గోడ దాకా వలయం. ఆమెకు ఊపిరి వచ్చింది. రెండోదానిలో గుండీ. ఆ ఊపిరి కాస్తా ఆగిపోయింది. ఆ తర్వాతది మళ్ళీ వలయం. తర్వాత గుండీ, గుండీ, వలయం...

ఇద్దరూ నేల మీదే చతికిలబడ్డారు. చుట్టూ ప్లేట్లు పరుచుకుని.

"రెండూ ఉన్నాయి," అన్నాడు అతను మెల్లిగా.

"మొదటి నుంచీ రెండూ ఉన్నాయి. గొట్టం విరవకముందే," అంది ఆమె. "ఒకే గొట్టం, ఒకే నంబర్. లోపల రెండు రకాల పిల్లలు. మేం ఈదేవాళ్ళని పెంచుకున్నాం, మీరు ఈదనివాళ్ళని పెంచుకున్నారు."

తర్వాత డీఎన్ఏ చదివించారు. ఈదే రకంలో చిన్న ముక్క ఒకటి ఎక్కడి నుంచో గెంతి వచ్చి, ఈతకు ఆజ్ఞ ఇచ్చే జీన్ ముందు కూర్చుంది. ఆ ముక్క కూర్చున్న దగ్గర నుంచి ఆ జీన్ గట్టిగా పనిచేస్తోంది. ఈదని రకంలో ఆ ముక్క లేదు. మిగతాదంతా ఒక్కటే. ఇంత పెద్ద గొడవకు కారణం అంత చిన్న ముక్క.

ఆమె ఊరుకోలేదు. రెండు రకాల మీదా తన మందు వేసి, మొదటి నుంచి మొత్తం మళ్ళీ చేసింది. అతను పక్కనే ఉన్నాడు, కానీ పని మాటలు తప్ప ఇద్దరి మధ్యా వేరే మాటలు నడవలేదు. ఆ కాగితం ఇంకా ఇద్దరి మధ్యే ఉంది.

*

సెమినార్ హాలు నిండింది. ముందు వరుసలో సార్, ఎదురు బిల్డింగ్ డైరెక్టర్, బయట నుంచి వచ్చిన పరీక్షకుడు. చివరి వరుసలో నాన్న, కోటు వేసుకుని. "సభ కాకపోయినా సభలాంటిదే కదా," అన్నాడు. పక్కన అమ్మ.

ఆమె మైకు దగ్గర నిలబడి మొదటి మాటగానే తన తప్పు చెప్పింది. "నా మొదటి ఫలితం సగమే నిజం. నేను ప్రతిసారీ వలయం అంచు నుంచే చుక్క తీశాను. అలా తీయమని నాకు నేర్పారు, ఎందుకని నేను అడగలేదు. దానివల్ల మా ల్యాబ్‌లో ఈదే రకం ఒక్కటే మిగిలింది."

హాలులో గుసగుస మొదలైంది. ఆమె గొంతు తగ్గించలేదు. గొట్టం సంగతి, రెండు రకాల సంగతి, గెంతిన ముక్క సంగతి చెప్పింది. తన మందు ఈదే రకం మీద గట్టిగా పనిచేస్తుందనీ, ఈదని రకం మీద ఏ తేడా చూపదనీ చెప్పింది. రోగుల గొట్టాల్లో ఏ రకం ఎంతుందో ముందు చూడాలనీ, చూడకుండా మందు పూయొద్దనీ చెప్పింది.

పరీక్షకుడు ముందుకు వంగాడు. "మరి హాస్పిటల్ వాళ్ళ రిపోర్ట్‌లో నీ ఫలితం రాలేదని ఉందే?"

ఆమె నోరు తెరిచేలోపే వెనక నుంచి గొంతు వినపడింది.

"అది నా సంతకమండీ."

అతను నిలబడి ఉన్నాడు. ఈసారి కూడా చొక్కా చేతులు సమంగా లేవు.

"నేను చేసింది చేసినట్టే రాశాను. కానీ నా బ్యాక్టీరియా ఏ రకమో చూసుకోకుండా రాశాను. ఆ రిపోర్ట్ వెనక్కి తీసుకుంటున్నాను. ఈదే రకంతో నా అంతట నేను మళ్ళీ చేశాను. ఈవిడ లేకుండా, వేరే గదిలో, వేరే అగర్‌తో." ఒక్క క్షణం ఆగాడు. "రిపీట్ అయింది."

హాలంతా నవ్వులు. ఆ మాట అతని నోట ఎవరూ ఎప్పుడూ వినలేదు మరి. డైరెక్టర్ కూడా నవ్వాడు. పరీక్షకుడు మాత్రం నవ్వకుండా ఆమెతో అన్నాడు. "ఈ కొత్త చాప్టర్ చేర్చి పట్రా అమ్మా. నాకు మిగతావాటికంటే ఇదే కావాలి."

సార్ ముందు వరుసలో కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు, అది శుభ్రంగానే ఉన్నా.

*

బయటికొచ్చేసరికి చినుకులు. మెట్ల దగ్గర నల్ల గొడుగుతో అతను.

"ఇవాళ డబ్బా లేదండీ," అంది ఆమె.

"అందుకే తెచ్చాను."

గొడుగు ఆమె మీద పట్టాడు. ఈసారి పూర్తిగా. అతని భుజాలు తడుస్తూనే ఉన్నాయి.

"ఇంకో ప్రయోగం కూడా చేశాను," అన్నాడు రోడ్డు వైపు చూస్తూ. "చెప్పొచ్చో లేదో తెలీదు. రోజూ మీ బిల్డింగ్ ముందు నుంచి వెళ్ళేటప్పుడు మీ కిటికీ వైపు చూస్తాను. మీరు స్కేలు పట్టుకుని కనపడితే నాకు గుండె దడదడలాడుతుంది. ఒకసారి కాదు. చాలాసార్లు చేశాను. ప్రతిసారీ ఒకటే రిజల్ట్."

ఆమె ముఖం వేడెక్కింది. గొంతు మాత్రం పరీక్షకుడి గొంతు. "కంట్రోల్ ఉందా?"

"ఉందండీ. ఆదివారం. కిటికీ ఉంటుంది, మీరుండరు. ఏమీ కాదు."

"మీ మెట్లు పరుగున దిగొచ్చిన దడేమో?"

"లిఫ్ట్‌లో దిగి కూడా చూశాను."

ఆమెకు నవ్వాగలేదు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "ఆ రోజు కాగితం తెచ్చి నీ బెంచీ మీద కొట్టానే, అప్పుడే తెలిసింది నాకు. మార్చి రాయనన్నావు చూడు, అప్పుడు. కోపమంతా అందుకే వచ్చింది. తిట్టడానికి ఏమీ మిగల్చలేదు కదా నువ్వు!"

'నువ్వు' అన్న సంగతి అతను గమనించాడు. ఆమె కూడా గమనించింది. ఇద్దరిలో ఎవరూ దాన్ని సరిదిద్దలేదు.

"కానీ ఒక్కరు చేస్తే చాలదు," అంది ఆమె గొడుగు కర్రను తనవైపు లాగి అతన్ని కూడా దాని కిందికి తెస్తూ. "ఇద్దరం కలిసి చెయ్యాలి. చాలాకాలం."

"ఎంతకాలం?"

"రిపీట్‌వి నువ్వు. నన్నడుగుతావేంటి?"

*

చాప్టర్ చేరింది, థీసిస్ సబ్మిట్ అయింది. ఆ తర్వాత ఒక సాయంత్రం అతను నాన్న దుకాణం మెట్లెక్కాడు, చంకలో చొక్కా గుడ్డతో. ఆమె ముందే వచ్చి గుండీల డబ్బాలు సర్దుతున్నట్టు నటిస్తోంది. అమ్మ అదే వీధిలో ఏదో పనున్నట్టు వచ్చి స్టూలు మీద కూర్చుంది.

నాన్న మిషన్ ఆపి అతన్ని పై నుంచి కింది దాకా చూశాడు. కుట్టుపనివాడి చూపు చేతుల దగ్గర ఆగింది.

"ఆది తెచ్చావా బాబూ?"

"లేదండీ. నా చొక్కాలన్నీ ఒకదాని ఆదితో ఇంకోటి కుట్టించుకున్నవే. చదువుకు ఇల్లు వదిలినప్పటి నుంచీ అంతే. ఇప్పుడు ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి."

"అందుకా మడిచేది!" అనేసింది ఆమె. అమ్మ చప్పున తలెత్తి చూసేసరికి మళ్ళీ గుండీల్లో తల దూర్చింది.

నాన్న నవ్వలేదు. మెడలోని టేపు తీశాడు. "నిలబడు." భుజం కొలిచాడు, చెయ్యి కొలిచాడు, రెండో చెయ్యి కూడా విడిగా కొలిచాడు. "చేతులు రెండూ సమంగానే ఉన్నాయి. చొక్కాలదే తప్పు."

"మా అమ్మానాన్నలు వచ్చి మీతో మాట్లాడతారండీ," అన్నాడు అతను, టేపు మెడ చుట్టూ ఉండగానే. "ముందు నేనే వచ్చి చెప్పాలనిపించింది."

నాన్న టేపు తీయకుండా కూతురి వైపు చూశాడు. "నువ్వేమంటావు? ఇతన్ని ఎంచుకోవడంలో అంచులూ, అందాలూ చూడలేదు కదా?"

"లేదు నాన్నా. కోపం వచ్చినప్పుడు కూడా చూశాను. అలాగే ఉన్నాడు."

అమ్మ స్టూలు మీద నుంచి లేచింది. "ఇక కొలిచింది చాలు, అబ్బాయి మెడ వదలండి."

నాన్న టేపు తీసి, గుడ్డ మడత విప్పి బల్ల మీద పరిచాడు. సుద్దముక్క చేతిలోకి తీసుకుని అతనితో చెప్పాడు.

"ఇది కుట్టి ఇస్తాను. కానీ ఇకమీద దీన్ని ఆదిగా ఎక్కడికీ పట్టుకెళ్ళకు. మనిషన్నాక సన్నబడతాడు, లావెక్కుతాడు. చొక్కా కావలసి వచ్చినప్పుడల్లా నువ్వే రావాలి, కొత్తగా కొలుస్తాను." సుద్దతో మొదటి గీత గీశాడు. "దుకాణానికి కాదు. ఇంటికి."